ల్యాబ్ భాయి పెన్సిలు

మొన్న గురువారం పుంగనూరు క్లినిక్కుకి రెడ్డెమ్మ వచ్చింది. పెద్దపంజాణి పక్కన పల్లె ఆమెది. నాలుగు ఆవులు, కాస్త టమోటా తోట. వంకర పళ్ళు సరిచేసే డాక్టర్ని కాబట్టి ఆమె ఇద్దరు కూతుళ్ళ నోళ్ళూ నాకు బాగా తెలుసు. చిన్నదానికి క్లిప్పు వేసి ఏడాదిన్నర అయింది. నెలనెలా తీసుకొస్తుంది, నేను తీగె బిగించి పంపిస్తాను. ఈసారి పిల్ల కుర్చీలో కూర్చోకముందే తల్లి మొదలుపెట్టింది.

"మేడమ్, గంగజాతరకు సుట్టాలంతా వస్తారు. ఆ లోపల క్లిప్పు తీసేయండి. బాగనే ఉండాయి కదా పండ్లు?"

నేను నోరు తెరిపించి చూశాను. బాగానే ఉన్నాయి. పైన ఎడమ పక్క రెండో పన్ను ఒక్కటి కొంచెం పక్కకు తిరిగి ఉంది. అద్దంలో చూసుకునే పిల్లకు అది కనపడదు, చుట్టాలకు అసలే కనపడదు. బయట బెంచీల నిండా జనం. సరే తీసేద్దాంలే అన్న మాట నోటిదాకా వచ్చింది.

"తీసినంక ఏసే ప్లేటు మాత్రం ఆ భాయి చేసిందే కావాల మేడమ్. పెద్దదానికి చేసిచ్చె సూడండి, ఆయప్ప. కొరియర్లో వచ్చేది మాకొద్దు."

భాయి పోయి ఎనిమిది నెలలైందని చెప్పాను.

"అయ్యో! నిజమా మేడమ్?" అని రెడ్డెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకెవురూ చెప్పనే లేదే. ఎంత మంచి మనిషి!" తర్వాత పిల్ల తల నిమురుతూ నిలబడింది. నేను కూడా చేతి తొడుగులు వేసుకోవడం మర్చిపోయి అలాగే కూర్చున్నాను.

నా ఫోన్లో ఆయన పేరు ‘ల్యాబ్ భాయి’. ఇప్పటికీ తీసేయలేదు. మా క్లినిక్ రిజిస్టరులోనూ అంతే. పదమూడేళ్ళు కలిసి పనిచేసిన మనిషి అసలు పేరు నేను సరిగ్గా విన్నది ఆయన పోయిన రోజు, మసీదు మైకులో. సిగ్గుపడాల్సిన విషయమే. కానీ ఆయనకు ఆ పేరుతో పనిపడినట్టు నేనెప్పుడూ చూడలేదు. పిల్లలకు భాయి, పిల్లల తల్లులకు భాయి, వాళ్ళ అవ్వలకు కూడా భాయే.

క్లిప్పు తీసేశాక పళ్ళు ఊరుకోవు. పాత చోటు గుర్తొచ్చి మెల్లగా వెనక్కి బయల్దేరతాయి. వాటిని పోనివ్వకుండా పట్టుకోవడానికి ఒక ప్లేటు పెట్టుకోవాలి. గులాబీ రంగు ప్లాస్టిక్కు, ముందు వైపు ఒక తీగె. నేను పేషెంటు నోటి అచ్చు తీసి పంపితే, అందులో ప్లాస్టరు పోసి, ఆ ప్లాస్టరు దవడ మీద ప్లేటు తయారు చేసేవాడు ఆయన. నా అసలు క్లినిక్కు ఉన్న మదనపల్లెలోనే, మసీదు వెనక సందులో ఆయనది ఒక గది. అంతకుముందు అదే గదిలో చేతి గడియారాలు బాగుచేసేవాడట. గడియారాలు బాగుచేయించుకునేవాళ్ళు తగ్గిపోయాక ఒక పాత పళ్ళ డాక్టరు దగ్గర తీగె వంచడం నేర్చుకున్నాడు. బల్ల మారలేదు, కుర్చీ మారలేదు, కంటికి బిగించుకునే భూతద్దం కూడా మారలేదు. బల్ల మీద గడియారం పోయి దవడ వచ్చింది, అంతే.

ఆయన పనిచేస్తుంటే చూడాలంటే నవ్వు ఆపుకోవడం తెలియాలి. ప్లాస్టరు దవడ చేతికి రాగానే ముందు తీగె ముట్టడు. పైదీ కిందిదీ కలిపి పట్టుకుని, భూతద్దంలోంచి చూస్తూ, తన దవడను కూడా అట్లాగే తిప్పుతాడు. పేషెంటు కింది దవడ కుడికి జరిగి ఉంటే ఈయనదీ కుడికి జరుగుతుంది. పైపళ్ళు ముందుకు పొడుచుకొచ్చిన కేసైతే కింది పెదవి లోపలికి మడుచుకుని కుందేలులా కూర్చుంటాడు. ఆ సమయంలో ఎవరైనా పలకరిస్తే అదే మూతితో జవాబిస్తాడు. మా క్లినిక్కులో కొత్తగా చేరిన రిసెప్షన్ అమ్మాయి ఒకసారి అచ్చులు ఇవ్వడానికి వెళ్ళి, భాయికి పక్షవాతం వచ్చినట్టుందని నాకు కంగారుగా ఫోన్ చేసింది.

"ఎందుకు భాయ్ ఈ వేషాలు?" అని నేనే అడిగాను.

"నోరు నాది కాదు కదమ్మా. ఆ పాప అన్నం ఎట్ల నములుతాదో నాకెట్ల తెలియాల?" అన్నాడు.

నవ్వొస్తే మాత్రం భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకునేవాడు. ఆయన పైపళ్ళలోనూ ఎడమ పక్క రెండోది అడ్డంగా తిరిగి ఉండేది, కింది పళ్ళు ఇరుకుబస్సులో జనంలా ఉండేవి. మూడు ఊళ్ళ పళ్ళు సరిచేయించే మనిషి తన పళ్ళు మాత్రం తువ్వాలు చాటున దాచుకునేవాడు.

రెండు వారాలకొక ఆదివారం నేను కుప్పం క్లినిక్కుకి వెళ్తాను. అక్కడి అచ్చుల పని అక్కడే చూసుకోవచ్చని ఆయనా నా కార్లో వచ్చేవాడు. ప్లాస్టరు దవడలున్న పెట్టెను వెనక సీట్లో పెట్టమంటే వినడు, ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని చుట్టూ వేసుకుంటాడు. పుంగనూరు దాటగానే పళ్ళ మీద సిద్ధాంతాలు మొదలయ్యేవి.

"మదనపల్లె పండ్లు సుఖంగా జరుగుతాయి డాక్టరమ్మా. సల్లగాలి కదా. పుంగనూరు పండ్లు చెప్పినమాట వింటాయి, మనం అట్ల తిరిగితే మళ్ళా ఎనిక్కి పోతాయి. కుప్పం పండ్లు ఉండాయే, శానా మొండివి. పొద్దున తెలుగు, మద్యానం అరవం, సాయంత్రం కన్నడం మాట్లాడే దవడ. దానికి బలం యాడికి పోతాది?"

"మరి మీదో? ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు."

"మాది బిర్యానీ దవడ. దాని సంగతి వదిలేయండి," అని తువ్వాలు అడ్డం పెట్టుకునేవాడు.

మనుషుల మొహాలు ఆయనకు గుర్తుండవు. ఒకసారి కుప్పం బస్టాండు దగ్గర టీ తాగుతుంటే పక్కన ఒక కానిస్టేబులు ఎవరితోనో మాట్లాడుతూ నవ్వాడు. భాయి గ్లాసు కింద పెట్టి నేరుగా అతని దగ్గరికి వెళ్ళాడు. "మీ పాపది గుడుపల్లె స్కూలు కదప్పా? కింద నాలుగు పండ్లు ఒకదాని మీదొకటి ఎక్కి ఉంటాయి?" ఆ కానిస్టేబులు బిత్తరపోయాడు. "మీకెట్ల తెలుసు సామీ?" "నీ నోట్లో గూడా అవే ఉండాయి కదప్పా!" అని, మేము మళ్ళీ వచ్చే ఆదివారం పాపను తప్పకుండా తీసుకురమ్మని చెప్పి వచ్చాడు. పాప పేరు, మొహం, క్లాసు ఏమీ గుర్తులేవు. పళ్ళు గుర్తున్నాయి.

ఇంతకీ పెన్సిలు సంగతి చెప్పాలి. క్లిప్పు తీయబోయే ముందు ఒకసారి అచ్చు తీసి ల్యాబుకు పంపుతాం. ప్లాస్టరు దవడ మీద క్లిప్పు బిళ్ళలు కూడా బుడిపెల్లాగా వస్తాయి. ఆ బుడిపెలను చాకుతో గీకి నున్నగా చేసి, దాని మీద ప్లేటు కట్టి పెడితే, క్లిప్పు తీసిన రోజే పేషెంటుకు ప్లేటు ఇచ్చి పంపొచ్చు. అన్ని ల్యాబుల్లోనూ జరిగేదే. అయితే మా భాయి గీకడానికి ముందు దవడను గంటసేపు చూస్తాడు. పని పూర్తయిందనిపిస్తే మారు మాట్లాడకుండా ప్లేటు చేస్తాడు. అనిపించకపోతే ప్లాస్టరు దవడ అడుగున, చదునుగా ఉండే చోట, వడ్రంగి పెన్సిలుతో రెండు మాటలు రాసి వెనక్కి పంపేస్తాడు. ‘ఇంకా ఉండాది.’ ప్లేటు రాదు.

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఓపిక తక్కువ. పళ్ళు నెలకు చీమ తలకాయంత జరుగుతాయి, నేనేమో టోల్‌గేటు దగ్గర ముందున్న కారు ఒక్క నిమిషం ఆగితే హారన్ కొట్టే మనిషిని. నాలాంటి దానికి ఈ చదువు ఎవరు చదవమన్నారో తెలియదు. ఆ రెండు మాటలు రాసిన ప్లాస్టరు ముక్కలు నా బల్ల మీదకు వచ్చినప్పుడల్లా ఒళ్ళు మండేది.

"బాగాలేకపోతే రాస్తారు సరే. బాగున్నప్పుడు బాగుందని కూడా ఒక మాట రాయొచ్చు కదా భాయ్?"

"బాగుంటే రాసేదేముండాది అమ్మా? నోట్లో ఉండాది కదా."

పైగా నా గుట్టు కూడా కనిపెట్టాడు. "ఎడమ పక్క రెండో పన్ను కాడికి వచ్చేసరికి మీకు బస్సు టైమైపోతాది డాక్టరమ్మా," అన్నాడు ఒకసారి. నాకు అర్థం కాలేదు. అల్మరాలోంచి పది పన్నెండు పాత దవడలు తీసి బల్ల మీద వరసగా పెట్టాడు. అన్నీ నా పేషెంట్లవే. అన్నింట్లోనూ ఎడమ రెండో పన్ను మిగతావాటికన్నా రవ్వంత వెనకబడి ఉంది. నేను కుర్చీకి కుడి పక్క నిలబడి పనిచేస్తాను. ఎడమ పక్క నాకు దూరం, అక్కడ చెయ్యి సరిగ్గా ఆనదు, అందుకని ‘చాల్లే’ అనుకుంటాను. నేను పనిచేస్తుండగా ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. వట్టి ప్లాస్టరు చూసి, నేను ఎక్కడ నిలబడతానో చెప్పాడు. కోపమూ వచ్చింది, లోపల్లోపల భయమూ వేసింది.

రెడ్డెమ్మ పెద్దకూతురు స్వాతి విషయంలో మాకు గొడవే అయింది. ఆ పిల్లకు బెంగళూరు నర్సింగు కాలేజీలో సీటొచ్చింది. హాస్టల్లో అందరూ కొత్తవాళ్ళు, క్లిప్పుతో పోనంటే పోనని ఏడ్చింది. తల్లి బతిమాలింది. నేను అచ్చు తీసి పంపాను. ‘ఇంకా ఉండాది’ అని వెనక్కి వచ్చింది. ఆ ప్లాస్టరు పట్టుకుని నేరుగా సందులోని గదికి పోయాను.

"పాప ఎల్లుండి పోతోంది భాయ్."

"పోనీండమ్మా. క్లిప్పుతోనే పోతాది. నెలకోతూరి వచ్చి బిగించుకోని పోతాది."

"ఇంతకీ డాక్టరు నేనా, మీరా?"

"మీరే."

"అయితే చెయ్యండి."

ఆయన కంటికున్న భూతద్దం తీసి, తువ్వాలుతో తుడిచి, బల్ల మీద పెట్టాడు. "నా చేత కాదమ్మా. ప్లేటు అనేది పన్నును యాడుండేది ఆడే పట్టుకోని ఉంటాది. వంకరగా ఉండే పన్నును, కదలకుండా అట్లే ఉండమని, నేను తీగె వంచి కట్టాల్నా?"

ఆ మాట నిజమే. నిజం చెప్తే నాకు కోపం ఇంకా ఎక్కువవుతుంది. బెంగళూరు ల్యాబుకు పంపించి ఒక్క రోజులో ప్లేటు తెప్పించాను. క్లిప్పు తీసేశాను. మూడు నెలలు ఆయనకు ఒక్క పని కూడా పంపలేదు, ఫోన్ కూడా చేయలేదు. ఆ తర్వాత బక్రీదు వచ్చింది. ప్రతి ఏడూ వచ్చినట్టే ఆయన ఇంటి నుంచి మూడు డబ్బాల క్యారియరు వచ్చింది. తిన్నాను. కడిగిన క్యారియరుతో పాటు పది అచ్చులు పంపించాను.

ఏడాది తిరిగేసరికి స్వాతి పుంగనూరు క్లినిక్కులో నా ముందు కూర్చుని ఉంది. ప్లేటు గుచ్చుకుంటోందని పక్కన పడేసిందట. ఎడమ రెండో పన్ను చక్కగా తన పాత చోటికి పోయి అడ్డంగా నిలబడింది. ఆ రోజు భాయి అక్కడే ఉన్నాడు. ఇక నా పని అయిపోయింది, జీవితాంతం దెప్పుతాడు అనుకున్నాను. ఆయన పిల్లను కిటికీ దగ్గరికి తీసుకుపోయి, భూతద్దం పెట్టి చూసి, తన దవడ అటూ ఇటూ తిప్పి, నాతో ఒక్కటే మాట అన్నాడు.

"టీ చెప్పండి డాక్టరమ్మా."

టీ తాగి, నా బల్ల దగ్గరే కూర్చుని, ఆ పన్నును వెనక నుంచి మెల్లగా నెట్టే చిన్న స్ప్రింగు ఉన్న ప్లేటు ఒకటి కట్టాడు. చేతి గడియారంలో ఉండేదంత సన్నటి స్ప్రింగు. సాయంత్రానికి అది పిల్ల నోట్లో ఉంది.

"అన్నం తినేటప్పుడు తప్ప తీయద్దు తల్లీ. కొంచెం నొప్పి ఉంటాది. ఓర్చుకోవాల," అన్నాడు.

స్వాతి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "కొంచెమా? మీకేం తెలుస్తాది భాయ్? మీరెప్పుడన్నా ఏసుకున్నారా?"

"ఏమే, పెద్దాయనతో మాట్లాడేది ఇట్లనేనా?" అని రెడ్డెమ్మ పిల్ల వీపు మీద ఒకటేసింది. భాయి వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. "లేదు తల్లీ. ఏసుకోలేదు," అన్నాడు. తిరిగి మదనపల్లె వచ్చేదాకా కార్లో సిద్ధాంతాలేమీ లేవు.

ఆ తర్వాతి సోమవారం మదనపల్లెలో నా క్లినిక్కులో భాయి పిల్లల మధ్య, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో టోకెను పట్టుకుని కూర్చుని ఉన్నాడు. అచ్చులకోసం వచ్చాడనుకున్నాను. తన నంబరు పిలిచినప్పుడు లోపలికి వచ్చి కుర్చీ ఎక్కి పడుకున్నాడు.

"నాకు గూడా ఏయండమ్మా, క్లిప్పు."

"అరవై ఒకటో ఏట ఏంది భాయ్ ఇది?"

"ఇన్నేండ్లుగా తీగెలు వంచి పిల్లోళ్ళ నోట్లో పెడతాండా. ఆ పాప అడిగితే నా కాడ జవాబు లేకపాయె."

చిగుళ్ళు చూశాను, ఎక్స్‌రే తీశాను. ఎముక గట్టిగానే ఉంది. ఆ వయసులో పళ్ళు మెల్లగా జరుగుతాయి, అంతే. వేశాను. వేస్తూ మనసులో గట్టిగా ఒకటి అనుకున్నాను. ఈ నోట్లో మాత్రం తొందరపడను. పని పూర్తయ్యాక ఆయన దవడ అచ్చే ఆయన చేతిలో పెట్టి, ‘ఇప్పుడు రాయండి చూద్దాం’ అంటాను. ఆ పెన్సిలుకు రాయడానికి ఏమీ దొరకకూడదు.

మొదటి వారం పొద్దునా సాయంత్రం ఫోన్ చేసి నొప్పి వార్తలు చెప్పాడు. "ఇది నొప్పి కాదు డాక్టరమ్మా, పన్నుకు కోపం." "ఈ పొద్దు అరటిపండు గూడా గట్టిగా ఉండాది." "రాగి సంగటి కనిపెట్టినోడెవుడో గానీ, వానికి కచ్చితంగా క్లిప్పు ఉండింటాది." అన్న కూతురి పెళ్ళిలో అందరూ మాంసం ముక్కలు కొరుకుతుంటే తను అన్నంలో షేర్వా కలుపుకుని, ముక్కల వైపు చూడకుండా తల వంచుకుని తిన్నాడట. ఆయన భార్యను నేను ఆపా అని పిలుస్తాను. ఈ కథ చెప్పి ఆమె కళ్ళలో నీళ్ళొచ్చేటట్టు నవ్వింది.

కానీ ఆయన పని మారిపోయింది. అంతకుముందూ బాగానే చేసేవాడు. ఇప్పుడు ప్రతి తీగె కొననూ సానబెట్టి, తన పెదవి మీద రుద్ది చూసుకుని, మళ్ళీ సానబెట్టి, కడిగి పంపేవాడు. గుచ్చుకుంటోందని వచ్చే పిల్లలు తగ్గిపోయారు. సెలవుల్లో స్వాతి వస్తే ఎదురు వెళ్ళి, పెదవులు రెండు వేళ్ళతో ఎత్తి, "సూడు తల్లీ!" అని చూపించాడు. ఆ పిల్ల నవ్వలేక కుర్చీలో కూలబడింది. ఆ తర్వాత ప్లేటు తీయనే లేదు, అయిదు నెలల్లో పన్ను దారికొచ్చింది. క్లినిక్కులో ఏడ్చే పిల్లలున్నప్పుడు నేను ఫోన్ చేసి ఆయన్ని పిలిపించేదాన్ని. తెల్లగడ్డం తాత నోట్లో క్లిప్పు చూసి పిల్లలు ఏడుపు ఆపి నోరు తెరిచేవాళ్ళు. ఆ హడావుడిలో ఆయన తువ్వాలు అడ్డం పెట్టుకోవడం ఎప్పుడు మర్చిపోయాడో నేను గమనించలేదు.

రెండేళ్ళు గడిచాయి. కింది పళ్ళు వరసకొచ్చాయి. పైపళ్ళూ వచ్చాయి, ఒక్క ఎడమ రెండోది తప్ప. ఆ పన్ను కోసం నేను ప్రతిసారీ కుర్చీ చుట్టూ తిరిగి ఎడమ పక్కకు వెళ్ళి కూర్చునేదాన్ని. యాభై ఏళ్ళకు పైగా అడ్డంగా నిలబడిన పన్ను, అంత సులభంగా తిరుగుతుందా? చాలావరకు తిరిగింది, ఆఖరి రవ్వ దగ్గర ఆగిపోయింది.

"బాగనే ఉండాది కదా డాక్టరమ్మా, ఇంక తీసేయకూడదా?" అన్నాడు ఒకరోజు అద్దం చూసుకుంటూ.

"ఇంకా ఉండాది భాయ్."

ఒక్క క్షణం నా వైపు చూసి, బిళ్ళలన్నీ కనపడేట్టు పగలబడి నవ్వాడు. "నా మాట నాకే చెప్తాండారా!"

"ఇంకో రెండు నెలలు. మీ నోట్లో మాత్రం నన్ను తొందరపెట్టొద్దు."

ఆ రెండు నెలలు పూర్తి కాలేదు. ఆ ఆదివారం ఒంట్లో నలతగా ఉందని కుప్పం రాలేదు. నేను ఒక్కదాన్నే వెళ్ళి ఇంకా తాళం తీస్తుండగానే ఆయన అల్లుడు ఫోన్ చేశాడు. "మేడమ్, మామ పొద్దున నమాజు చేసుకోనొచ్చి పడుకున్నారు. లేయలేదు." ముక్కు చీదుకుని మళ్ళీ తనే అన్నాడు. "సాయంత్రం అసర్ నమాజు అయినంక మట్టి చేస్తారు. స్నానం చేయించే పెద్దాయన క్లిప్పు సంగతి అడిగె. అట్లే ఉండినా తప్పు లేదంట. అత్త మాత్రం ఒప్పుకోలేదు. ఏసినామె వచ్చి తీయాల అంటాంది."

ఆ దారిలో ఎన్ని వందలసార్లు హారన్ కొట్టుకుంటూ వచ్చానో లెక్కలేదు. ఆ రోజు పక్కసీటు ఖాళీగా ఉండడం చూడలేక రోడ్డు మీదే కళ్ళు పెట్టుకుని నడిపాను. మధ్యాహ్నానికి మదనపల్లె చేరాను. ఇంటి ముందు బెంచీల మీద మగవాళ్ళు లేచి దారిచ్చారు. పెద్దాయన ఒకరు, "డాక్టరు పనే కదమ్మా, చేసుకోండి," అని అందర్నీ బయటికి తీసుకుపోయాడు. గదిలో ఆపా, నేను, భాయి మిగిలాం.

నోరు తెరవనక్కర్లేదు, పెదవులు తప్పిస్తే చేయొచ్చు. ముందు తీగె లాగేశాను. తర్వాత ఒక్కొక్క బిళ్ళనూ పట్టకారుతో నొక్కాను. నొక్కగానే టక్కుమని ఊడి వస్తుంది. ఆ చప్పుడుకు బతికున్న మనుషులు కళ్ళు గట్టిగా మూసుకుంటారు. అలవాటు కొద్దీ నేను ప్రతి బిళ్ళకూ "అయిపోయింది భాయ్, ఇంకొక్కటి," అంటూనే ఉన్నాను. ఆపా నా భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

ఎడమ రెండో పన్ను దగ్గరికి వచ్చేసరికి లేచి, చుట్టూ తిరిగి, ఆ పక్కకు వెళ్ళి కూర్చున్నాను. ఆఖరి బిళ్ళ తీసి దూదితో తుడిచాను. అన్నీ వరసగా, శుభ్రంగా ఉన్నాయి. అదొక్కటి రవ్వంత తిరిగి ఉంది. నా వల్ల కాలేదు. తొందరపడకుండా చేసిన ఒకే ఒక్క నోరు, అది కూడా పూర్తి కాలేదు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఇక ఆగలేదు.

ఆపా లోపలికి వెళ్ళి ఒక పాత గడియారం డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇది మీకియ్యాలనె. పది దినాల కింద ఇంట్లోనే తానే అచ్చు తీసుకునె. నేను అద్దం పట్టుకోని నిలబడితిని. బుడిపెలన్నీ కూర్చోని గీకె. డాక్టరమ్మకు చెప్పద్దు, శుక్రవారం నమాజు అయినంక నేనే ఎత్తుకోని పోతా, అప్పుడు ఆయమ్మ మొగం ఎట్లుంటాదో సూడాల అనె. శుక్రవారం ఒంట్లో బాగాలేక పోలే."

డబ్బాలో ఒక ప్లాస్టరు దవడ, దాని మీద గులాబీ రంగు ప్లేటు ఉన్నాయి. తీగె కొనలు అద్దంలా నున్నగా ఉన్నాయి. ప్లేటు తీసి, దవడను ఆయన మొహం పక్కన పెట్టి చూశాను. అవే పళ్ళు. ఎడమ రెండోది అదే రవ్వంత తిరిగి ఉంది. దాన్ని ఆయన సరిచేయలేదు, దాచలేదు. అది ఎక్కడుందో అక్కడే పట్టుకుని ఉండమని తీగె వంచి కట్టాడు. స్వాతికి చేయనన్న పని తనకు చేసుకున్నాడు. దవడ తిప్పి అడుగున చూశాను. వడ్రంగి పెన్సిలుతో రాసి ఉంది.

ఆపాకు తెలుగు చదవడం రాదు. "ఏం రాసినాడమ్మా?" అంది.

"‘సాలు’ అని రాసినాడు ఆపా."

"సాలా? ఎవురికి? పండ్లకా?"

"కాదు ఆపా. నాకు."

ఆమె కొంగుతో నా మొహం తుడిచింది. పదమూడేళ్ళు ఆ పెన్సిలు నుంచి నేను ఎదురుచూసిన మాట అది. అది చదివేటప్పుడు నా మొహం ఎట్లుంటుందో చూడాలనుకున్న మనిషి కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు. బయట నీళ్ళు సిద్ధంగా ఉన్నాయని ఎవరో అన్నారు. నేను డబ్బా పట్టుకుని లేచాను.

ఆ దవడ ఇప్పుడు మదనపల్లెలో నా బల్ల మీద ఉంది. తల్లిదండ్రులు కొందరు చూసి, ఇదేంటి మేడమ్ ఒక పన్ను సరిగ్గా రాలేదే అంటుంటారు. అననీ.

పుంగనూరులో మొన్న గురువారం రెడ్డెమ్మతో క్లిప్పు ఇప్పుడే తీయనని చెప్పాను. ఇంకా మూడు నెలలు పడుతుంది, జాతరకు పిల్ల క్లిప్పుతోనే నవ్వుతుంది అన్నాను. ఆమె గొణుక్కుంటూ బయటికి పోయి బెంచీ మీద కూర్చుంది. గొణుక్కోనీ. పిల్లను కుర్చీలో పడుకోబెట్టి, స్టూలు ఎడమ పక్కకు లాక్కుని కూర్చున్నాను.